ఇంగ్లిషు క్రియలు: ప్రిపోజిషన్లతో, సర్వనామాలతో వాటి కూడిక

ఇంగ్లిషు క్రియల్లో చాలావాటి అర్థం, క్రియలో ఎంత ఉంటుందో దాని పక్కన చేరిన చిన్న పదంలోనూ అంతే ఉంటుంది. 'లుక్' అంటే చూడు. 'లుక్ ఫర్ హర్' అంటే ఆమె కోసం వెతుకు. 'లుక్ ఆఫ్టర్ హర్' అంటే ఆమె బాగోగులు చూసుకో. 'లుక్ అప్ టు హర్' అంటే ఆమెను గౌరవభావంతో చూడు, 'లుక్ డౌన్ ఆన్ హర్' అంటే ఆమెను చులకన చెయ్యి. క్రియ ఒకటే, సర్వనామం ఒకటే. నడుమ వచ్చిన ఒకటి రెండు పదాలు మొత్తం మాటనే మార్చేశాయి.

ఈ కూడికలో మూడు భాగాలుంటాయి. మొదటిది క్రియ: గో, గెట్, టేక్, పుట్, లుక్, టర్న్, కమ్ వంటి పొట్టి క్రియలే ఎక్కువ. రెండోది ప్రిపోజిషన్ లేదా దాన్ని పోలిన పార్టికల్: ఎట్, ఫర్, టు, ఆన్, ఇన్, అప్, అవుట్, ఆఫ్, డౌన్, ఓవర్ వంటివి. మూడోది కర్మ. రోజువారీ మాటల్లో ఈ కర్మ చాలా తరచుగా సర్వనామంగా ఉంటుంది, ఎందుకంటే మాట్లాడుకునేవారికి విషయం ముందే తెలిసి ఉంటుంది. కర్మ సర్వనామమైనప్పుడు అది ఎక్కడ నిలుస్తుందనేది ఇంగ్లిషు వాక్యనిర్మాణంలో గట్టి నియమాల్లో ఒకటి. ఆ స్థానాన్ని బట్టే క్రియ ఏ తరగతికి చెందిందో తెలుస్తుంది.

సర్వనామాల రూపాలు

ఇంగ్లిషు నామవాచకాలు తమ పాత విభక్తి రూపాలను దాదాపుగా పోగొట్టుకున్నాయి. కర్త అయినా కర్మ అయినా 'బాయ్' అనే పదం మారదు. సర్వనామాల్లో మాత్రం ఆ తేడా నిలిచింది. కర్తగా ఐ, హి, షి, వి, దే వస్తాయి. క్రియకు గాని ప్రిపోజిషన్‌కు గాని కర్మ అయినప్పుడు అవే మి, హిమ్, హర్, అస్, దెమ్ అవుతాయి. 'యు', 'ఇట్' రెండు చోట్లా ఒకే రూపంలో ఉంటాయి. ప్రిపోజిషన్ తర్వాత రెండు సర్వనామాలు జంటగా వచ్చినా నియమం మారదు కాబట్టి ప్రామాణిక రూపం 'బిట్వీన్ యు అండ్ మి'. చదువుకున్న ఇంగ్లిషువారి నోటా వినిపించే 'బిట్వీన్ యు అండ్ ఐ' అతిజాగ్రత్త వల్ల పుట్టింది. కర్త స్థానంలో 'మి' అనకూడదని బడిలో పదేపదే దిద్దడంతో, 'మి' ఉండవలసిన చోట కూడా కొందరు దాన్ని వదిలేస్తారు.

కర్మరూప సర్వనామాలు మాటల్లో ఊనిక లేకుండా పలుకుతాయి. 'టెల్ హిమ్' వేగంగా అన్నప్పుడు 'టెలిమ్' అని, 'గివ్ మి' అన్నది 'గిమి' అని వినిపిస్తుంది. 'దెమ్' బదులు వినిపించే 'ఎమ్' నిజానికి 'దెమ్' అరిగి మిగిలిన ముక్క కాదు. మధ్యయుగపు ఇంగ్లిషులోని 'హెమ్' అనే వేరే సర్వనామానికి అది వారసురాలు. స్కాండినేవియా భాష నుంచి వచ్చిన 'దెమ్' రాతలో దాన్ని తోసేసినా మాటలో పాతది బతికింది. సర్వనామానికి ఊనిక లేకపోవడమన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, దాని స్థానాన్ని నిర్ణయించే కారణాల్లో ఇదే ముఖ్యం.

ప్రిపోజిషన్ కోరే క్రియలు, కోరనివి

కొన్ని క్రియలు కర్మను నేరుగా తీసుకుంటాయి: 'ఆస్క్ హిమ్', 'టెల్ మి', 'కాల్ హర్', 'ఆన్సర్ దెమ్'. మరికొన్ని తమకంటూ ఒక ప్రిపోజిషన్‌ను కోరతాయి: 'లిజన్ టు మి', 'వెయిట్ ఫర్ అస్', 'లుక్ ఎట్ ఇట్', 'డిపెండ్ ఆన్ హిమ్', 'బిలాంగ్ టు హర్'. ఈ రెండో రకంలో సర్వనామం ఎప్పుడూ ప్రిపోజిషన్ తర్వాతే వస్తుంది. 'లుక్ ఇట్ ఎట్' అనే మాట ఇంగ్లిషులో లేదు. వీటిని వ్యాకరణాలు ప్రిపోజిషనల్ క్రియలు అంటాయి.

ఏ క్రియకు ఏ ప్రిపోజిషన్ అనేదానికి అన్నిచోట్లా తర్కం దొరకదు. దగ్గరి అర్థమున్న రెండు క్రియలు వేర్వేరు దారుల్లో పోతాయి. 'హియర్ మి' అన్నప్పుడు ప్రిపోజిషన్ అక్కర్లేదు, 'లిజన్ టు మి' అన్నప్పుడు తప్పనిసరి. 'టెల్ హిమ్' సరే, 'సే' దగ్గరికొచ్చేసరికి 'సే ఇట్ టు హిమ్' అనాలి. 'టాక్ అబౌట్ ఇట్' సరైనది, అదే అర్థంలో 'డిస్కస్ ఇట్' చాలు.

ఒకే క్రియకు ప్రిపోజిషన్ మారితే వైఖరి కూడా మారుతుంది. 'షౌట్ టు హిమ్' అంటే దూరాన ఉన్నవాడికి వినబడేలా కేకవెయ్యడం. 'షౌట్ ఎట్ హిమ్' అంటే అతని మీద అరవడం. 'త్రో ఇట్ టు హర్' అంటే ఆమె పట్టుకునేలా విసరడం; 'త్రో ఇట్ ఎట్ హర్' అంటే తగిలేలా విసరడం. ఈ జంటల్లో 'టు' ఎదుటి మనిషిని అందుకునేవారిగా చూపుతుంది, 'ఎట్' గురిగా చూపుతుంది. 'లాఫ్ ఎట్ మి' అంటే నన్ను చూసి నవ్వడం, 'లాఫ్ విత్ మి' అంటే నాతో కలిసి నవ్వడం. 'నో హిమ్' అంటే పరిచయం ఉండటం, 'నో ఆఫ్ హిమ్' అంటే అలాంటి వ్యక్తి ఉన్నాడని విని ఉండటం.

ఫ్రేజల్ వర్బ్‌లు: సర్వనామం నడుమ నిలిచే క్రియలు

'టర్న్ ఆన్', 'పిక్ అప్', 'పుట్ ఆఫ్', 'త్రో అవే', 'కాల్ ఆఫ్', 'బ్రింగ్ అప్' వంటివి మరో తరగతి. ఇక్కడ రెండో పదం వెనుక వచ్చే నామవాచకానికి చెందదు, క్రియకే అతుక్కుని ఉంటుంది. దీన్ని పార్టికల్ అంటారు. కర్మ నామవాచకమైతే రెండు వరుసలూ కుదురుతాయి: 'టర్న్ ఆన్ ది లైట్', 'టర్న్ ది లైట్ ఆన్'. కర్మ సర్వనామమైతే ఒక్కటే వరుస: 'టర్న్ ఇట్ ఆన్'. లైటు వెయ్యమనే అర్థంలో 'టర్న్ ఆన్ ఇట్' అనడం తప్పు. అలాగే 'పిక్ దెమ్ అప్', 'పుట్ ఇట్ ఆఫ్', 'త్రో ఇట్ అవే', 'కాల్ మి బ్యాక్', 'వేక్ హర్ అప్', 'లెట్ హిమ్ ఇన్'.

ప్రిపోజిషనల్ క్రియనూ ఫ్రేజల్ వర్బ్‌నూ వేరుచేసే నమ్మకమైన పరీక్ష ఇదే. కర్మ స్థానంలో 'ఇట్' లేదా 'హిమ్' పెట్టి చూడాలి. సర్వనామం చివర నిలిస్తే ప్రిపోజిషన్, నడుమకు వస్తే పార్టికల్. 'రన్ అప్ ది హిల్' అంటే కొండ మీదికి పరుగెత్తడం. దాని సర్వనామ రూపం 'రన్ అప్ ఇట్'. 'రన్ అప్ ఎ బిల్' అంటే బాకీ పెరగనివ్వడం; దాని రూపం 'రన్ ఇట్ అప్'. పైకి ఒకేలా కనిపించే రెండు పదబంధాల నిర్మాణం వేరని సర్వనామం పెట్టగానే తేలిపోతుంది.

కొన్ని జంటల్లో అర్థాన్ని మొత్తంగా మోసేది సర్వనామ స్థానమే. 'సీ త్రూ హిమ్' అంటే అతని నటన వెనుక ఉన్న అసలు ఉద్దేశాన్ని కనిపెట్టడం. 'సీ హిమ్ త్రూ' అంటే కష్టకాలం గట్టెక్కేదాకా అతనికి తోడుండటం. 'గెట్ ఓవర్ ఇట్' అంటే దెబ్బ నుంచి, దుఃఖం నుంచి తేరుకోవడం. 'గెట్ ఇట్ ఓవర్ విత్' అంటే ఇష్టంలేని పనిని త్వరగా ముగించేసుకోవడం. పైన చూసిన 'టర్న్ ఇట్ ఆన్'కు భిన్నంగా, కుక్క గురించి 'ఇట్ టర్న్డ్ ఆన్ హిమ్' అంటే అతని మీద తిరగబడిందని అర్థం.

కర్మ లేని ఫ్రేజల్ వర్బ్‌లూ బోలెడున్నాయి: 'గెట్ అప్', 'సిట్ డౌన్', 'కమ్ ఇన్', 'బ్రేక్ డౌన్', 'గ్రో అప్'. వీటిలో సర్వనామం కర్తగా మాత్రమే వస్తుంది కాబట్టి స్థానం గురించిన చిక్కు లేదు.

నియమానికి కారణం

సర్వనామం నడుమనే ఎందుకు ఉండాలి? ఇంగ్లిషు వాక్యంలో కొత్త సమాచారం, బరువైన పదాలు చివరికి చేరతాయి. తెలిసిన సమాచారం, తేలికపాటి పదాలు ముందుకు జరుగుతాయి. సర్వనామం దేన్ని సూచిస్తుందో వినేవారికి ముందే తెలుసు, పైగా అది ఊనిక లేని పదం. పార్టికల్‌కు మాత్రం గట్టి ఊనిక ఉంటుంది: 'పిక్ ఇట్ అప్' అన్నప్పుడు గొంతు 'అప్' మీద ఒత్తుతుంది. తేలికది ముందు, ఊనికది చివర అనే వరుస అలా కుదురుతుంది. 'లుక్ ఎట్ ఇట్' అన్నప్పుడు ప్రిపోజిషన్‌కు ఊనిక లేదు, ఒత్తు 'లుక్' మీద పడుతుంది; అందువల్ల సర్వనామం కదలనవసరం లేదు.

నియమానికున్న మినహాయింపు కూడా ఈ వివరణనే బలపరుస్తుంది. ఇద్దరిని పోల్చి చెబుతూ సర్వనామాన్నే గట్టిగా ఒత్తి పలికినప్పుడు, లేదా రెండు సర్వనామాలను 'అండ్'తో కలిపినప్పుడు, అది చివరికి రావచ్చు. ఊనిక వచ్చాక సర్వనామం తేలిక పదంగా ఉండదు. దీనికి ఎదురు మొనలో, కర్మ చాలా పొడవైన పదబంధమైతే దాన్ని నడుమ ఇరికించరు. పార్టికల్ క్రియ పక్కనే నిలిచి పొడవైన కర్మ చివరికి పోతుంది.

మూడు పదాల క్రియలు, రెండు కర్మల క్రియలు

పార్టికల్, ప్రిపోజిషన్ రెండూ ఒకే క్రియకు చేరడం మామూలే: 'పుట్ అప్ విత్ ఇట్' అంటే సహించడం, 'గెట్ అవే విత్ ఇట్' అంటే తప్పుచేసి శిక్ష తప్పించుకోవడం, 'రన్ అవుట్ ఆఫ్ ఇట్' అంటే సరుకు నిండుకోవడం, 'లుక్ ఫార్వర్డ్ టు ఇట్' అంటే ఆశగా ఎదురుచూడటం. వీటిలో చివరి పదం ప్రిపోజిషన్ కాబట్టి సర్వనామం దాని తర్వాతే వస్తుంది. కొన్నింటికి రెండు కర్మలుంటాయి. అప్పుడు ఒక సర్వనామం నడుమ, మరొకటి చివర చేరతాయి: 'టేక్ ఇట్ అవుట్ ఆన్ మి' అంటే ఎక్కడి కోపాన్నో నా మీద చూపడం, 'టాక్ హర్ అవుట్ ఆఫ్ ఇట్' అంటే ఆమెకు నచ్చజెప్పి ఆ ప్రయత్నం మానిపించడం, 'లెట్ దెమ్ ఇన్ ఆన్ ఇట్' అంటే ఆ రహస్యం వాళ్ళకు తెలియనివ్వడం.

ఇవ్వడం, పంపడం, చూపించడం వంటి అర్థాలున్న క్రియలకు పుచ్చుకునే మనిషి, ఇచ్చే వస్తువు అనే రెండు కర్మలుంటాయి. 'గివ్ మి ది బుక్', 'గివ్ ది బుక్ టు మి' రెండూ సాధారణమే. వస్తువు కూడా సర్వనామమైతే ఎక్కువగా వాడేది 'గివ్ ఇట్ టు మి'. బ్రిటన్‌లో 'గివ్ మి ఇట్' కూడా వింటారు. ఇంగ్లండ్ ఉత్తర, మధ్య ప్రాంతాల మాటలో 'గివ్ ఇట్ మి' అనే పాత వరుస నేటికీ ఉంది. అయితే ఈ వెసులుబాటు అన్ని క్రియలకూ లేదు. గివ్, టెల్, షో, సెండ్, లెండ్ వంటి పొట్టి క్రియలు రెండు కర్మలను నేరుగా తీసుకుంటాయి. లాటిన్, ఫ్రెంచి మూలాలున్న ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్, డిస్క్రైబ్, డొనేట్ వంటివాటిలో చాలావరకు మనిషికి ముందు 'టు' కోరతాయి. అందుకే 'ఎక్స్‌ప్లెయిన్ మి' ప్రామాణికం కాదు, 'ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మి' ప్రామాణికం.

'సెల్ఫ్' సర్వనామాలు, అర్థం లేని 'ఇట్'

కొన్ని కూడికల్లో 'సెల్ఫ్' చేరిన సర్వనామం తప్పనిసరి. 'హెల్ప్ యువర్‌సెల్ఫ్ టు ఇట్' అంటే మొహమాటపడకుండా తీసుకోండి అని అతిథికి చెప్పే మాట. 'ప్రైడ్ వన్‌సెల్ఫ్ ఆన్' అంటే ఫలానా విషయంలో గర్వపడటం, 'అవెయిల్ వన్‌సెల్ఫ్ ఆఫ్' అంటే అవకాశాన్ని ఉపయోగించుకోవడం. స్థలాన్ని చెప్పే ప్రిపోజిషన్ తర్వాత మాత్రం, కర్తనే సూచిస్తున్నా, మామూలు సర్వనామమే వస్తుంది: 'టేక్ ఇట్ విత్ యు', 'హి లుక్డ్ బిహైండ్ హిమ్', 'ఐ హావ్ నో మనీ ఆన్ మి'.

దేన్నీ ప్రత్యేకంగా సూచించని 'ఇట్' కూడా ఎన్నో వాడుకల్లో స్థిరపడింది. 'మేక్ ఇట్' అంటే సమయానికి చేరుకోవడం లేదా అనుకున్నది సాధించడం. 'గెట్ ఆన్ విత్ ఇట్' అంటే ఆలస్యం చెయ్యక పని సాగించడం. 'టేక్ ఇట్ ఈజీ' అంటే నెమ్మదించడం. ఇక్కడ 'ఇట్' తీసేస్తే మాట కుప్పకూలుతుంది, 'అది ఏది?' అని అడిగితే మాత్రం జవాబుండదు.

వాక్యం చివర మిగిలే ప్రిపోజిషన్

ప్రశ్నల్లో, కర్మణి వాక్యాల్లో, సంబంధవాచక వాక్యాల్లో కర్మ ముందుకు వెళ్ళిపోయి ప్రిపోజిషన్ ఒంటరిగా చివర మిగులుతుంది: 'హూ ఆర్ యు టాకింగ్ టు?', 'హి వాజ్ లాఫ్డ్ ఎట్', 'ది మ్యాన్ ఐ స్పోక్ టు'. మామూలుగా బలహీనంగా పలికే టు, ఎట్, ఫర్ ఇక్కడ పూర్తి అచ్చుతో పలుకుతాయి.

ఈ అలవాటును తప్పుపట్టినవారిలో ప్రసిద్ధుడు కవి జాన్ డ్రైడెన్. 1672లో బెన్ జాన్సన్ నాటకభాషలో ఇది లోపమని ఆయన రాశారు. తర్వాత 1684లో తన పాత వ్యాసాన్ని మళ్ళీ ప్రచురించినప్పుడు అలాంటి వాక్యాలను తిరగరాశారు. 1762లో వ్యాకరణం వెలువరించిన రాబర్ట్ లోత్ ఇది మాటల్లో సహజమేననీ, గంభీరమైన రచనకు మాత్రం ప్రిపోజిషన్ ముందుండటమే శోభ అనీ అన్నారు. ఆ తర్వాతి బడిపుస్తకాల్లో ఈ సలహా నిషేధంగా బిగుసుకుంది. 1926లో హెచ్.డబ్ల్యు. ఫౌలర్ తన వాడుక నిఘంటువులో ఆ నిషేధం మూఢనమ్మకమని తేల్చారు. నేటి వ్యాకరణవేత్తలది కూడా ఇదే అభిప్రాయం.

చారిత్రక వికాసం

పాత ఇంగ్లిషులో చిన్న పదాలు ఉపసర్గల్లా క్రియ ముందు అతుక్కునేవి. నేటి అండర్‌స్టాండ్, ఓవర్‌కమ్, విత్‌స్టాండ్, ఫర్‌గివ్ ఆ కాలపు నిర్మాణాలే. విత్‌స్టాండ్‌లోని 'విత్'కు అప్పటి అర్థం 'ఎదురుగా'; ఎదిరించి నిలవడం అనే భావం అలా వచ్చింది. సర్వనామం ప్రిపోజిషన్‌కు ముందు రావడం కూడా ఆనాటి భాషలో ఉంది. 'అతనితో' అనడానికి సర్వనామం ముందు చెప్పి 'టో' అనే పదం తర్వాత చెప్పగలిగేవారు. దెరాఫ్, హియర్‌బై, వేర్‌ఇన్ వంటి పదాల్లో ఆ వరుస ఛాయ మిగిలింది. ఇవి ఇప్పుడు ఎక్కువగా దస్తావేజుల్లో, కోర్టు కాగితాల్లో కనిపిస్తాయి.

తర్వాతి శతాబ్దాల్లో ఉపసర్గలు బలహీనపడి, చిన్న పదాలు క్రియ తర్వాతి స్థానానికి జరిగాయి. ఉత్తర, తూర్పు ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ స్కాండినేవియన్ల భాషలో అప్పటికే అలాంటి క్రియలుండటం ఈ మార్పుకు ఊతమిచ్చిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఫ్రేజల్ వర్బ్‌లలో ఎంతో విస్తారంగా వాడే 'టేక్', 'గెట్' కూడా ఆ భాష నుంచి వచ్చినవే. 1154 దాకా రాసిన పీటర్‌బరో చరిత్రలో ఈ మార్పు కనిపిస్తుంది. 1140 నాటి ఘటనల కింద, స్టీఫెన్ రాజు తమ్ముడైన బిషప్ హెన్రీ, వించెస్టర్ నగరాన్ని రాజు ప్రత్యర్థులకు వదిలేస్తానన్నట్టు చెప్పేచోట నేటి 'గివ్ అప్' పూర్వరూపం ఉంది. 'వారికి' అనే సర్వనామం అక్కడ క్రియకూ 'అప్'కూ నడుమనే నిలిచింది.

1066 నార్మన్ విజయం తర్వాత ఫ్రెంచి నుంచి, ఆపైన లాటిన్ నుంచి వేల పదాలు ఇంగ్లిషులో చేరాయి. దానివల్ల ఒకే అర్థానికి రెండేసి మాటలు ఏర్పడ్డాయి. ఇంట్లో 'పుట్ ఆఫ్', ఉత్తర్వులో 'పోస్ట్‌పోన్'. మాటల్లో 'పుట్ అప్ విత్', రాతలో 'టాలరేట్'. ఒకచోట 'లుక్ ఇన్‌టు', మరోచోట 'ఇన్వెస్టిగేట్'. ఫ్రేజల్ వర్బ్ చనువుగా, ఒంటి పదం లాంఛనంగా అనిపించడానికి మూలం ఈ చారిత్రక పొరే.

అధ్యయనాలు, నిఘంటువులు

1755 నాటి తన నిఘంటువు పీఠికలో శామ్యూల్ జాన్సన్ ఈ కూడికలను ప్రత్యేకంగా ప్రస్తావించారు. పార్టికల్ చేరి అర్థం మారిన క్రియలు పరదేశీయులకు అన్నిటికన్నా కష్టమని గుర్తించి, వాటిని శ్రద్ధగా సేకరించానని తెలిపారు. 1920లో ఆర్థర్ కెన్నెడీ ఆధునిక ఇంగ్లిషులోని క్రియ–పార్టికల్ కూడికలపై ప్రత్యేక గ్రంథం వెలువరించారు. 'ఫ్రేజల్ వర్బ్' అనే పేరు 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. ఆ పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని స్మిత్ చెప్పారు. 1971లో డ్వైట్ బోలింజర్ పుస్తకం, 1985లో క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్‌ల బృహద్వ్యాకరణం ఈ విషయాన్ని లోతుగా పరిశీలించాయి. ప్రిపోజిషనల్, ఫ్రేజల్, ఫ్రేజల్–ప్రిపోజిషనల్ అనే మూడు తరగతుల విభజన ఆ వ్యాకరణంలో ఉంది. 2002లో హడిల్‌స్టన్, పులమ్‌ల కేంబ్రిడ్జి వ్యాకరణం వేరే దారి పట్టింది. దాని లెక్కలో 'అప్', 'ఆఫ్' వంటి పార్టికళ్ళు కర్మ తీసుకోని ప్రిపోజిషన్లే.

సి.కె. ఆగ్డెన్ 1930లో ప్రకటించిన బేసిక్ ఇంగ్లిష్ ఈ కూడికల శక్తిని మరో కోణంలో చూపింది. 850 పదాల ఆ సరళభాషలో క్రియలు 18 మాత్రమే. వాటిని ప్రిపోజిషన్లతో కలిపి వేల క్రియల పని చేయించవచ్చని ఆయన వాదం. పదాల సంఖ్య అలా తగ్గింది గాని, 'పుట్ అప్ విత్' వంటి కూడికల అర్థం విడి పదాల నుంచి ఊహించలేరు కాబట్టి నేర్చుకునే భారం తగ్గలేదని విమర్శకులు ఎత్తిచూపారు.

1975 నుంచి ఆక్స్‌ఫర్డ్, లాంగ్‌మన్, కాలిన్స్ కోబిల్డ్ సంస్థలు వీటికోసమే ప్రత్యేక నిఘంటువులు తెచ్చాయి. 10 కోట్ల పదాల బ్రిటిష్ నేషనల్ కార్పస్‌ను 2007లో పరిశీలించిన డీ గార్డ్‌నర్, మార్క్ డేవీస్‌లు ఉపయోగకరమైన ఫలితం రాబట్టారు. అందులో కనిపించిన ఫ్రేజల్ వర్బ్ ప్రయోగాల్లో సగానికి పైగా 20 క్రియలు, 8 పార్టికళ్ళ కలయికతోనే వచ్చాయి. ఇవి సంభాషణలో, కథల్లో విరివిగా ఉంటాయనీ, శాస్త్రీయ రచనలో తక్కువనీ 1999 నాటి లాంగ్‌మన్ వ్యాకరణం నమోదు చేసింది.

పార్టికల్ అర్థంలో కొంత క్రమం ఉందని 1980ల నుంచి భాషావేత్తలు చూపుతున్నారు. 'అప్' చేరితే తరచుగా పని పూర్తయిందన్న భావం వస్తుంది: 'ఈట్ ఇట్ అప్', 'యూజ్ ఇట్ అప్', 'ఫినిష్ ఇట్ అప్'. 'ఆఫ్' విడదీస్తుంది లేదా ఆపుతుంది: 'కట్ ఇట్ ఆఫ్', 'స్విచ్ ఇట్ ఆఫ్', 'కాల్ ఇట్ ఆఫ్'. 'అవుట్' మరుగున ఉన్నదాన్ని బయటికి తెస్తుంది: 'ఫైండ్ ఇట్ అవుట్', 'వర్క్ ఇట్ అవుట్', 'పాయింట్ ఇట్ అవుట్'. 'ఓవర్' మళ్ళీ పరిశీలించడాన్ని సూచిస్తుంది: 'థింక్ ఇట్ ఓవర్', 'టాక్ ఇట్ ఓవర్'.

తెలుగు మాట్లాడేవారి వాడుకలో

తెలుగులో విభక్తి ప్రత్యయం నామవాచకం తర్వాత చేరుతుంది, క్రియ వాక్యం చివర నిలుస్తుంది. పార్టికల్ చేసే పనిని తెలుగు సహాయక క్రియతో చేస్తుంది. 'ఈట్ ఇట్ అప్' అనేచోట 'తినెయ్', 'త్రో ఇట్ అవే' అనేచోట 'పారెయ్' అంటారు. 'ఎయ్' అనే ముక్క పూర్తిచేయడం, వదిలించుకోవడం అనే భావాలనిస్తుంది. విషయం తెలిసినప్పుడు తెలుగులో కర్మను చెప్పనక్కర్లేదు. ఇంగ్లిషులో 'ఇట్' తప్పనిసరి. 'పిక్ అప్ ఇట్', లేదా 'ఇట్' లేకుండా 'ఐ విల్ బ్రింగ్' అనే ప్రయోగాలు తెలుగువారి ఇంగ్లిషులో వినిపించడానికి ఈ తేడా ఒక కారణం.

విభక్తి నుంచి ప్రిపోజిషన్‌కు నేరుగా దాటితే కొన్నిసార్లు సరిపోతుంది, కొన్నిసార్లు తప్పుతుంది. 'అతని మీద ఆధారపడు', 'డిపెండ్ ఆన్ హిమ్' చక్కగా కుదురుతాయి. 'దాని గురించి చర్చించాం' అన్న మాట ప్రభావంతో వచ్చే 'డిస్కస్ అబౌట్ ఇట్' మాత్రం బ్రిటన్, అమెరికా ప్రమాణాల్లో తప్పు. 'కోప్ అప్ విత్' అనడం, 'అవెయిల్' తర్వాత సెల్ఫ్ సర్వనామాన్ని వదిలేయడం భారతదేశమంతటా ఉన్న ప్రయోగాలు. 'పాస్ అవుట్' అంటే భారతీయ ఇంగ్లిషులో చదువు పూర్తిచేసుకుని కళాశాల వదలడం; బ్రిటన్‌లో ఈ అర్థం సైనిక శిక్షణకే పరిమితం, మామూలు వాడుకలో స్పృహ తప్పడం అని అర్థం. విదేశీ ఉద్యోగ దరఖాస్తుల్లో 'గ్రాడ్యుయేట్' అనే మాట క్షేమం.

ఫ్రేజల్ వర్బ్‌లు తెలుగులోకి నామవాచకాలుగా వచ్చాయి. 'పికప్ చేసుకో', 'లాగిన్ అవ్వు', 'ఫాలోఅప్ చెయ్యి', 'బ్యాకప్ తియ్యి', 'పెళ్ళి సెటప్ బాగుంది' అంటారు. క్రియ, పార్టికల్ కలిసి ఒకే ముద్దగా మారి, 'చేయు', 'అవు' క్రియలు వాటిని నడుపుతాయి. 'వాణ్ని పికప్ చేసుకో' అన్నప్పుడు సర్వనామం బయటే, ముందే ఉండిపోతుంది. ఆ ముద్దనే విడదీసి 'పిక్ హిమ్ అప్' అనాల్సి వచ్చినప్పుడు తడబాటు కలగడం సహజం.

నేర్చుకునేవారికి నిఘంటువులే దారి చూపుతాయి. మంచి నిఘంటువుల్లో కర్మ స్థానాన్ని 'సంబడీ', 'సంథింగ్' అనే పదాలతో గుర్తిస్తారు. 'లుక్ ఆఫ్టర్ సంబడీ' అని ఉంటే సర్వనామం చివరే, 'పిక్ సంబడీ అప్' అని కూడా ఉంటే సర్వనామం నడుమే. క్రియను విడిగా, ప్రిపోజిషన్‌ను విడిగా బట్టీపట్టడం కన్నా 'పుట్ ఇట్ ఆఫ్', 'వెయిట్ ఫర్ మి', 'ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు హర్' అని సర్వనామంతో సహా ఒక్క మాటగా నేర్చుకుంటే అర్థం, వరుస, ఊనిక మూడూ ఒకేసారి పట్టుబడతాయి.